ఎండకు పెట్టిన సెల్లు నుంచి చార్జింగ్ సెల్లు దాకా

మొన్న మా పిల్లగాడు కరీంనగర్ల రెండు సెల్లులు కొనుక్కొచ్చిండు. చూస్తానికి గడియారంల వేసే మామూలు సెల్లే. కానీ పక్కన చిన్న బొక్క ఉన్నది. అండ్ల ఫోన్ చార్జర్ వైరు పెడితే చార్జింగ్ ఎక్కుతది. కంప్యూటర్‌కు పెట్టినా ఎక్కుతది. అది చూడంగనే మా నాయిన గూనపెంక మీద సెల్లులు ఎండకు పెట్టుడు యాదికొచ్చింది.

మీ ఇండ్లల్ల కూడా పెట్టే ఉంటరు. టార్చి ఎర్రవడంగనే సెల్లులు తీసి ఎండల పెట్టేది, రాత్రికి జర వెలిగేది. అందరం చార్జింగ్ అయిందనే అనుకున్నం. అది చార్జింగ్ కాదు. వేడికి లోపల మిగిలిన మందు ఇంకింత పని చేస్తది, అంతే. ఆ సెల్లుకు పైన ఉండే డబ్బా జింకుది. కరెంట్ ఇచ్చిన కొద్దీ ఆ జింకే కరిగిపోతది. అందుకే పాత సెల్లులు టార్చిల కారి, లోపల తెల్లగ బూజు లెక్క పట్టేది. అయిపోయిన సెల్లును పగలగొట్టి, ఆ నల్లపొడిని ఆకు పసరుల కలిపి బడిల బోర్డుకు పూసినోళ్లం మనమే.

ఎర్ర ఎవరెడీ సెల్లు చేసింది యూనియన్ కార్బైడ్. 1984ల భోపాల్ల గ్యాస్ లీకైన కంపెనీ అదే. 1994ల అది వేరేటోళ్ల చేతికి పోయింది. నిప్పో కంపెనీ 1972ల పెట్టిన్రు, ఫ్యాక్టరీ నెల్లూరు జిల్లా తడల ఉండె.

అయితే సెల్లులు మన రైతుల ఇంట్ల అంతగనం ఎందుకు ఖర్చయినయి? కరెంట్ రాత్రి పూట ఇచ్చిన్రు కాబట్టి. రామగుండంల 1971లనే 62.5 మెగావాట్ల థర్మల్ స్టేషన్ వచ్చింది. ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983ల నడిచింది, పెరిగి పెరిగి 2600 మెగావాట్లయింది. చిమ్నీలు మనకు కనవడుతుండె, త్రీఫేజ్ మాత్రం అర్ధరాత్రి వస్తుండె. 2004ల ఉచిత కరెంట్ వచ్చినా విడతల వారీగనే ఇచ్చిన్రు. బిల్లు పోయింది గని రాత్రి కావలి పోలేదు. ఒక చేతిల కట్టె, ఒక చేతిల మూడు సెల్లుల టార్చి. గట్టు మీద పాము, తడి చేతులకు స్టార్టర్ డబ్బా. పొద్దుగాల ఇంటికి రానోళ్లు ఏ ఊర్లె లేరు చెప్పుండ్రి? 2017ల పాత కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్ల నడిపి చూసినంక, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా వ్యవసాయానికి 24 గంటల కరెంట్ అన్నరు. రాత్రి పోవుడు తగ్గింది అప్పుడే.

ఇంకో ముచ్చట. చార్జింగ్ లైటు మన జిల్లాలకు కొత్తది కాదు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల్ల కార్మికులు నెత్తిన లైటు, నడుముకు బ్యాటరీ కట్టుకొని దిగేటోళ్లు. షిఫ్ట్ అయినంక లాంప్ రూంల ఇచ్చిపోతే అక్కడ వరుసగ చార్జింగ్ పెట్టేది. బొగ్గు తీసేటాయనకు చార్జింగ్ లైటు దొరికింది. ఆ బొగ్గుతోని అయ్యే కరెంట్ కోసం చీకట్ల కూసున్న రైతుకు ఎండకు పెట్టిన సెల్లే దిక్కయింది. ఒక ఇంట్ల అన్న గనికి, తమ్ముడు ఎవుసానికి పోయిన కుటుంబాలు మనకాడ మస్తు ఉన్నయి, వాళ్లకు ఈ సంగతి ఎరుకే.

చార్జింగ్ సెల్లు చరిత్ర పెద్దదే. స్వీడన్ల యుంగ్నర్ అనేటాయన 1899ల నికెల్-కాడ్మియం బ్యాటరీ చేసిండు. 1991ల సోనీ లిథియం బ్యాటరీని మార్కెట్లకు తెచ్చింది. కంప్యూటర్‌కు యూఎస్‌బీ బొక్క 1996ల వచ్చింది, అండ్లకెళ్లి 5 వోల్టులు వస్తది. 2006ల ఇంగ్లండ్ల మోయిక్సా అనే కంపెనీ మూత తీసి నేరుగ కంప్యూటర్‌కు గుచ్చే సెల్లు అమ్మింది. ఇప్పుడొచ్చేటియి ఎక్కువ లిథియంవి. లోపల 3.7 వోల్టులు ఉంటది, చిన్న సర్క్యూట్ దాన్ని 1.5కు దించుతది.

ఇక్కడనే జర జాగ్రత్త. పాత సెల్లు అయిపోయే ముందు లైటు పసుపు పచ్చగ, తర్వాత ఎర్రగ అయ్యేది, ఇంటికి మర్లిపొమ్మని చెప్పినట్టు. ఈ లిథియం సెల్లు ఆఖరి దాకా ఒక్క తీరుగ వెలిగి, ఒక్కసారే ఆరిపోతది. మక్కచేన్ల నడుమ ఆరితే ఎట్లుంటదో మీకు నేను చెప్పేదేముంది. ఇంకోటి, బొక్క లేని మామూలు సెల్లుకు వైర్లు పెట్టి చార్జింగ్ ఎక్కియ్యకుండ్రి, పగులుతది.

పెద్ద టార్చికి పట్టే చార్జింగ్ సెల్లులు కూడా దొరుకుతున్నయి. నాయిన స్టీల్ టార్చి ఇంకా మా ఇంట్ల మేకుకు వేలాడుతనే ఉన్నది, స్ప్రింగు తుప్పు వట్టింది, గీకి చూడాలె. మీల గనిల పని చేసినోళ్లుంటే లాంప్ రూం ముచ్చట్లు కింద రాయుండ్రి.