కళ్లంలో మిగిలిందే కోడికి మేత

మన తాతల కాలంలో కోడికి మేత కొన్నవాళ్లు లేరు. సామ, చోడి నూర్చిన కళ్లంలో తాలుగింజలు, రోటి దగ్గర తవుడు, నూకలు, నూనె తీశాక మిగిలిన వలిసె చెక్క కోడివే. పశువులాగా కోడి గడ్డిని అరిగించుకోలేదు. అయితే ఆ గడ్డి కుళ్లిన పెంటకుప్పలో పుట్టే పురుగుల్ని గీరి ఏరుకు తింటుంది.

1933లో విశాఖ ఓడరేవు తెరిచారు. 1960ల్లో బైలదిలా ఇనుప ఖనిజం కోసం మన అరకు కొండల్ని తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. నగరంతో పాటు గుడ్ల అవసరమూ పెరిగింది. మొక్కజొన్న, సోయా చెక్క తినే మైదానపు ఫారం కోళ్లు ఆ అవసరం తీర్చాయి. ఇప్పుడు మన బడిపిల్లల పళ్లెంలోకి కూడా గుడ్డు కిందినుంచి కొండెక్కి వస్తోంది.

నాటుకోడి తక్కువ గుడ్లే పెడుతుంది, నిజమే. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం తయారుచేసిన గ్రామప్రియ ఎక్కువ పెడుతుంది. దానికి తవుడు, నూకలతో పాటు చెక్క, పెంకు గట్టిపడటానికి నత్తగుల్లల పొడి కావాలి. ఇవి మన ఊళ్లో దొరికేవే. కానీ మిల్లుకు ధాన్యం తీసుకెళ్లి తవుడు అక్కడే వదిలేస్తున్నాం. సామ సాగు తగ్గితే ఆ తవుడూ ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి కళ్లం ఊడ్చేటప్పుడు ఏది కోడికి, ఏది పశువుకి అని అవ్వను అడగండి. ఉపాధ్యాయులు ఆ జవాబులను తరగతిలో రాయించాలి.