మట్టిలో కలిసేదాకా: వినయపిటకంలో పాతబట్ట ప్రయాణం

ప్రథమ సంగీతి ముగిసిన తరువాత ఆనందస్థవిరుడు ఛన్నునికి బ్రహ్మదండం విధించే పనిమీద పడవలో కోసంబికి చేరాడు. ఉదేన రాజు ఉద్యానవనానికి సమీపాన ఒక చెట్టు క్రింద ఆయన కూర్చుని ఉండగా అంతఃపుర స్త్రీలు వచ్చి ధర్మం విని, ఐదు వందల ఉత్తరాసంగాలను దానమిచ్చి వెళ్ళారు. సంగతి తెలిసి రాజు నొచ్చుకున్నాడు. ఇన్ని వస్త్రాలు ఈ శ్రమణునికి ఎందుకు? బట్టల వ్యాపారం చేస్తాడా, అంగడి పెడతాడా అని అనుమానించి, తానే స్వయంగా వెళ్ళి అడిగాడు. చుల్లవగ్గ చివరి భాగంలో, సంగీతి వృత్తాంతం నడుమ, ఈ సంభాషణ భద్రపడి ఉంది.

ఆనందుని సమాధానం ఒక్కొక్క మెట్టే దిగుతుంది. చీవరాలు చిరిగిన భిక్షువులకు కొత్తవి పంచుతారు. వారు విడిచిన పాతవి మంచంపై పరచే దుప్పట్లవుతాయి. ఆ దుప్పట్లు పాతబడితే పరుపు గలేబులు, అవి చీకితే నేలమీది పరుపులు, ఆపైన కాళ్ళు తుడుచుకునే పట్టలు, ఆపైన దుమ్ము దులిపే గుడ్డలు. అవి కూడా పనికిరాకుండా పోయినప్పుడు వాటిని ముక్కలుగా కోసి, మట్టిలో కలిపి పిసికి, నేలను అలుకుతారు. ప్రతి సమాధానానికీ రాజు మళ్ళీ మరి ఆ పాతదాన్ని ఏమి చేస్తారని అడుగుతూనే పోయాడు. మట్టి దగ్గరికి వచ్చేసరికి అతని ప్రశ్నలు ఆగాయి. శాక్యపుత్రీయులు దేన్నీ వృథాగా పోనివ్వరని సంతృప్తి చెంది, మరో ఐదు వందల వస్త్రాలు ఇచ్చాడు.

ఈ కథను పొదుపు నీతిగా మాత్రమే చదవడం కుదరదు. భిక్షువుకు ఆదా చేయవలసిన ధనం లేదు. రాజు అడిగిన ప్రశ్న లెక్కకు సంబంధించినది: ఇచ్చినవారి శ్రద్ధ ఏమైంది? శ్రద్ధతో ఇచ్చిన దానిని పాడుచేయరాదన్న నియమం వినయంలో పలుచోట్ల వినిపిస్తుంది. మూలసర్వాస్తివాద సంప్రదాయం దీనిని ఇంకా స్పష్టం చేస్తుంది. అరిగిపోయిన గుడ్డను దీపపు వత్తులుగా చేయాలి, లేదా మట్టిపేడలతో కలిపి గోడల, స్తంభాల పగుళ్ళు పూడ్చాలి. వస్తువు వినియోగంలో ఉన్నంత కాలం దాతకు పుణ్యం కొనసాగుతుంది. అందుచేత చింకిపాతను అవతల పారవేయడమంటే దాత పుణ్యాన్ని మధ్యలో తెంచడమే. గ్రెగరీ షోపెన్ వంటి పరిశోధకులు విహారాల ఆస్తిపాస్తులపై చేసిన చర్చలో ఈ నియమాలకు తగిన స్థానం ఉంది.

ఆసనపు పరుపుల నియమం వెనుక ఉన్న కథ మరింత ఆలోచింపజేస్తుంది. బుద్ధుడు శ్రావస్తిలో మూడు నెలలు ఏకాంతంలో ఉన్నప్పుడు, అరణ్యవాసం, పిండపాతం, పాంశుకూలం పాటించే ఉపసేన వంగంతపుత్తునికీ ఆయన శిష్యులకూ దర్శనం లభించింది. అటువంటి వ్రతులు ఎప్పుడైనా రావచ్చునని అనుమతి కూడా దొరికింది. అది విన్న ఇతర భిక్షువులు తామూ ఆ వ్రతాలు స్వీకరించి, ఉన్న పరుపులను ఎక్కడివక్కడ వదిలేశారు. చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ పరుపులను చూసి బుద్ధుడు నిస్సగ్గియ పాచిత్తియాలలో పదిహేనవ నియమాన్ని విధించాడు: కొత్త ఆసనపు పరుపు చేసుకునే భిక్షువు పాతదాని అంచు నుండి ఒక సుగత జానెడు ముక్క తీసి అందులో చేర్చాలి. ముక్కగా ఒకచోట పరచినా సరే, పోగులు విడదీసి కలిపినా సరే. నియమం చెప్పిన ప్రయోజనం ఆదా కాదు, కొత్తదానిని వివర్ణం చేయడం. వైరాగ్యం పేరిట పారవేసిన వస్తువును కొత్త వస్తువు అందానికి అడ్డుగా తిరిగి తెచ్చిపెట్టడంలోని చమత్కారం వ్యాఖ్యాతల దృష్టిని అంతగా ఆకర్షించినట్లు కనిపించదు. విడిచిపెట్టడం వేరు, పారవేయడం వేరు అన్న తేడా ఈ ఒక్క జానెడు ముక్కలో ఉంది.

భిక్షాపాత్ర విషయంలోనూ ఇదే పట్టుదల. ఐదు అతుకులు పడని పాత్ర ఉండగా కొత్తది అడిగి తెచ్చుకోరాదు. రెండంగుళాలకు తక్కువ పగులు అతుకు లెక్కలోకే రాదు. నియమం తప్పినవాడు కొత్త పాత్రను సంఘానికి అప్పగించాలి. అది పెద్దల నుండి చిన్నల వరకు వరుసగా తిరుగుతుంది. ఇష్టమైనవారు తమ పాత్రను దానితో మార్చుకోవచ్చు. చివరికి మిగిలిన నాసిరకం పాత్ర తప్పు చేసినవాడి చేతికి వస్తుంది, పగిలేదాకా అదే అతనిది.

చీవరాల కొలతల్లోనూ పాతబట్టకు ప్రత్యేక లెక్క ఉంది. కొత్త గుడ్డ అయితే సంఘాటి రెండు పొరలు, తక్కినవి ఒక్కొక్క పొర. పాతదయితే సంఘాటికి నాలుగు పొరలు, ఉత్తరాసంగ అంతరవాసకాలకు రెండేసి. పాంశుకూలానికి ఈ పరిమితి లేదు. పలచబడిన గుడ్డను పొరలు వేసి కుట్టడమన్నది తెలుగు ఇళ్ళలో పాత చీరలతో, పంచెలతో బొంత కుట్టేవారికి వివరించనక్కరలేని విద్య.

ఆంధ్రదేశానికి ఈ చర్చతో ఉన్న సంబంధం బొంతతో ఆగదు. బుద్ధఘోషుడు సమంతపాసాదికలో ఉదహరించిన ప్రాచీన వ్యాఖ్యల్లో అంధక అట్ఠకథ ఒకటి. అంటే ఇక్కడి భిక్షువులు వినయ సూత్రాలను తమ పద్ధతిలో తరచి చూసినవారే. క్రీ.శ. తొలి శతాబ్దాల గ్రీకు నావికుని పెరిప్లస్ మసాలియా తీరంలో సన్నని నూలుబట్టలు విరివిగా తయారయ్యేవని చెబుతుంది. అంత బట్ట దొరికే దేశంలో విహారాలకు వస్త్రదానాలకు కొదవ ఉండకపోవచ్చు. అయితే మన నేలలో నూలు నిలవదు. నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు సాగిన తవ్వకాలు ఇటుకలు, శిలలు, శాసనాలు ఇచ్చాయి, చీవరం దొరకదు. దొరికే అవకాశమేదైనా ఉంటే అది ఆనందుడు చెప్పిన ఆఖరి మెట్టులోనే: గదుల నేలపూతలో చిక్కుకున్న నారపోగుల్లో, లేదా అవి మట్టిపై వదిలిన అచ్చుల్లో. తవ్వకాల్లో నేలపూతను అడ్డుపొరగా గీకివేయకుండా, నమూనాలు తీసి సూక్ష్మదర్శినితో పరిశీలించడం ఈ దృష్టితో అవసరం.

ఇటీవల థాయిలాండ్‌లోని సముత్ ప్రాకాన్ ప్రాంతపు వాట్ చాక్ దేంగ్ విహారం, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుండి తీసిన నారను నూలుతో కలిపి చీవరాలు నేయిస్తోంది. చెత్త నుండి చీవరం కనుక దానిని పాంశుకూలానికి వారసత్వంగా భావించడంలో తప్పులేదు. అయితే ఆ చీవరం దుప్పటి కాగలదు, గలేబు కాగలదు, కాళ్ళపట్ట కూడా కాగలదు. ముక్కలు చేసి మట్టిలో పిసికినా అందులోని ప్లాస్టిక్ పోగు మాత్రం నూలులా మట్టి కాదు.