కడచూపు దక్కని చావులు: కృష్ణా డెల్టాలో కోవిడ్ దుఃఖం

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ మరణం 2020 మార్చి 30న విజయవాడలో నమోదైంది. తర్వాత రెండేళ్లలో ప్రభుత్వ లెక్క 14 వేల 700 దాటింది. పోయినవాళ్లను ఇంటివాళ్లు ఎలా సాగనంపారు, ఎలా ఏడ్చారు అన్నది ఏ లెక్కలోకీ రాలేదు. దాన్నే ఇక్కడ పరిశీలిస్తున్నాం.

నలుగురి దుఃఖం

డెల్టా మాలమాదిగ పేటల్లో చావు ఒక్క ఇంటిది కాదు. కబురందగానే చుట్టాలు దిగుతారు. శవానికి స్నానం చేయిస్తారు, కొత్తబట్ట కప్పుతారు. క్రైస్తవ కుటుంబాలు పాటలతో, ప్రార్థనతో సమాధి చేసి, తర్వాత ఆదరణ కూడిక పెట్టుకుంటాయి. మిగతావాళ్లు చిన్న దినం, పెద్ద దినం జరుపుతారు. కోవిడ్ కాలంలో ఈ వరస తెగిపోయింది.

నిబంధన ఏం చెప్పింది?

2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కడచూపును నిషేధించలేదు. సిబ్బంది సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చు. శవాన్ని తాకకుండా గ్రంథ పఠనం, పవిత్ర జలం చల్లడం చేయవచ్చు. పూడ్చినా దహనం చేసినా అభ్యంతరం లేదు. ఈ సంగతి తెలియని కుటుంబం అడగలేకపోయింది. పైగా ‘ముట్టుకోవద్దు, దగ్గరికి రావద్దు’ అన్న మాటలు దళితులకు కొత్త కాదు. గోతులు తవ్వే పనిని, చావు డప్పు కొట్టే పనిని కులం తరతరాలుగా వాళ్లకే అంటగట్టింది. ఊరి చావులన్నీ మోసినవాళ్లు తమవాళ్లను దూరం నుంచి చూడాల్సి రావడం రెట్టింపు గాయం.

కాగితం మీది చావు

2021 జూన్ 30న సుప్రీంకోర్టు కోవిడ్ మృతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. తర్వాత అది రూ.50 వేలుగా ఖరారైంది. పరీక్ష జరిగిన 30 రోజుల్లోపు మరణాలనూ కోవిడ్ మరణాలుగా లెక్కించాలన్నారు. 2022 జనవరి నాటికి రాష్ట్రంలో సుమారు 36 వేల దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి అధికారిక మరణాలు 14 వేల 400 పైచిలుకే. చెల్లింపుల జాప్యంపై కోర్టు రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని పిలిపించి ప్రశ్నించింది. మరణ కారణం కాగితం మీదికి ఎక్కకపోతే పరిహారంతో పాటు, ‘మావాడు దీనివల్లే పోయాడు’ అని చెప్పుకునే ఆధారం కూడా పోతుంది.

ఆలస్యంగా ఏడుపు

తెగిన వరసను కలుపుకునే దారులు మన ఆచారాల్లోనే ఉన్నాయి. ఏడాదికి పెట్టుకునే జ్ఞాపకార్థ కూడిక అందులో ఒకటి. నవంబర్ 2న కతోలికులు సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే రోజు మరొకటి. నాడు రాలేనివాళ్లు నేడు వచ్చి ఏడవడానికి అవి చోటిస్తాయి.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగల పని ఒకటుంది. కుటుంబాల అనుమతితో, పేటపేటకూ తిరిగి మృతుల పేర్లు, తేదీలు, పూడ్చిన చోటు రాసిపెట్టాలి. చాలా పల్లెల్లో దళితుల శ్మశానాలకు హద్దురాళ్లు లేవు, దారీ లేదు. ఎక్కడ పూడ్చారో తెలిసినవాళ్లు ఉండగానే ఆ జాబితా పూర్తి కావాలి.