ప్రమాదానంతర దీర్ఘకాలిక నొప్పి - నష్టపరిహారం

గాయం మానిన తరువాత కూడా మూడు నెలలకు మించి నిలిచే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. రోడ్డు ప్రమాదం వలన ఇది కలిగితే, ఎదుటి వాహన చోదకుని నిర్లక్ష్యాన్ని చూపి మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను క్రింద పరిహారం కోరవచ్చును. కావలి, నెల్లూరుల మీదుగా సాగే 16వ జాతీయ రహదారి (పూర్వపు 5వ నంబరు)పై గాయపడినవారు, ప్రమాద స్థలానికి గాని తమ నివాసానికి గాని చెందిన మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో అర్జీ వేయవచ్చును.

చిక్కంతా రుజువు దగ్గరే. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది, నొప్పి కనబడదు. శరీర వైకల్య శాతం వేరు, సంపాదన శక్తికి కలిగిన నష్టం వేరు అని రాజ్‌కుమార్ - అజయ్‌కుమార్ కేసులో (2010) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎడమచేయి పోయిన వడ్రంగికి బతుకుతెరువే పోతుంది, గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చును. ఈ లెక్కన, ప్రమాదం తరువాత నడుము నొప్పితో వల లాగలేని మత్స్యకారుని నష్టం, ధ్రువపత్రంలోని శాతం కంటె చాలా ఎక్కువ కావచ్చును. అయితే ధ్రువపత్రం ఒక్కటే చాలదు, వైద్యుడు వచ్చి సాక్ష్యం చెప్పాలి. తొలినాటి నుండి చికిత్స చీటీలు దాచుకొన్నవారి వాదనకు బలం ఉంటుంది.

వార్షికాదాయాన్ని నష్టశాతంతోను, వయస్సును బట్టి గుణకంతోను హెచ్చిస్తారు. సరళా వర్మ కేసు (2009) ప్రకారం 36-40 ఏళ్ళవారికి గుణకం 15. నొప్పికి, బాధకు, వైద్య ఖర్చులకు పరిహారం విడిగా లెక్కిస్తారు.

2022 ఏప్రిల్ 1 నుండి అర్జీకి ఆరు నెలల గడువు వచ్చింది. గడువు దాటిందన్న కారణంతో మాత్రమే అర్జీలను త్రోసిపుచ్చరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది.