పిల్లలకు చదివి వినిపించే బొమ్మల పుస్తకాలు

బొమ్మల పుస్తకం అంటే కథను బొమ్మలు, మాటలు కలిసి చెప్పే పుస్తకం. ఇంకా అక్షరాలు రాని పిల్లలకు పెద్దలు దీనిని బిగ్గరగా చదివి వినిపిస్తారు. పిల్లలు మాటలను చెవితో విని, బొమ్మను కంటితో చదువుతారు. వీటి ఎంపికలో పిల్లల వయసు, భాష, బొమ్మల తీరు, ముద్రణ ముఖ్యాంశాలు. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలకు తెలుగు బాలసాహిత్యంతోను, గ్రంథాలయోద్యమంతోను సంబంధమున్నందున ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా ఆ ప్రాంతం నుండి తీసుకొనబడినవి.

చరిత్ర

పిల్లల కోసం బొమ్మలతో వెలువడిన తొలి పుస్తకాలలో ప్రసిద్ధమైనది కొమేనియస్ అనే విద్యావేత్త 1658లో న్యూరెంబర్గులో ప్రచురించిన సచిత్ర పాఠ్యపుస్తకం. భారతదేశంలో గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా (1885-1939) చిన్న పిల్లల చదువుకు కథలు చెప్పడమే పునాది అని బోధించి, ఆచరించి చూపారు.

తెలుగులో 1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి ప్రారంభించిన చందమామ మాసపత్రిక ఇంటింటా కథలు చదివి వినిపించే అలవాటును పెంచింది. చక్రపాణి (1908-1975) తెనాలివారు. 1952 నుండి 1980 వరకు పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు (1909-1980) కూడా తెనాలిలోనే జన్మించారు. చిన్న వాక్యాలు, వాడుక మాటలు గల ఆ శైలి బిగ్గరగా చదవడానికి అనువైనది. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వంటివారి బొమ్మలు దానికి అందాన్నిచ్చాయి. ముద్రిత చందమామ 2013 నాటికి నిలిచిపోయింది.

కృష్ణా పశ్చిమ డెల్టాలో 1930 దశకంలో పాతూరి నాగభూషణం ఆధ్వర్యాన కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. పుస్తకాల కోసం పాఠకుడు పట్నానికి రానక్కరలేకుండా పుస్తకమే రేవుకు వచ్చేది.

వయసును బట్టి ఎంపిక

* ఏడాది లోపు: ఒక్కో పుటలో ఒకే పెద్ద బొమ్మ, స్పష్టమైన రంగులు ఉండాలి. పిల్లలు నోట పెట్టుకుంటారు కనుక దళసరి అట్ట పుటలు మేలు.
* ఒకటి నుండి మూడేళ్ళు: పుటకు ఒకటి రెండు వాక్యాలు చాలు. మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఒకటి ఉంటే పిల్లలు దానికోసం ఎదురు చూసి తామే పలుకుతారు.
* మూడు నుండి అయిదేళ్ళు: మొదలు, చిక్కు, ముగింపు ఉన్న చిన్న కథ పట్టుబడుతుంది.
* అయిదు నుండి ఏడేళ్ళు: తెనాలి రామకృష్ణుని కథల వంటి యుక్తి కథలు ఈ వయసు వారికి రుచిస్తాయి. ఎదుటివారి మనసులోని ఆలోచనను ఊహించగలిగితేనే అందులోని హాస్యం అర్థమవుతుంది. అందువలన మూడేళ్ళ వారికి అవి తొందరపాటు.

చందమామ కథలను కూడా ఈ దృష్టితోనే చూడాలి. అందులో పుటకు ఒక బొమ్మ ఉన్నా, కథ అంతా అక్షరాలలోనే నడుస్తుంది. పెద్దలకు ఎంత ప్రియమైనదైనా, అది కథ వినడం అలవాటైన పిల్లలకు తగినది; మొదటి బొమ్మల పుస్తకం స్థానాన్ని తీసుకోజాలదు.

భాష

పుస్తకం కొనేముందు ఒక పుట బిగ్గరగా చదివి చూడడం మంచి పరీక్ష. ఊపిరి సరిపోని వాక్యాలు, అనువాదపు కృతకత్వం నాలుకకు వెంటనే తెలుస్తాయి. గలగల, చకచక, బుడుంగు వంటి ధ్వన్యనుకరణ పదాలు తెలుగు చదువరికి గొప్ప సాధనాలు. ఇవి సహజంగా వాడిన పుస్తకానికి ప్రాధాన్యమివ్వాలి.

ఆంగ్ల మాధ్యమ బడికి పంపే తల్లిదండ్రులు ఆంగ్ల పుస్తకాలనే కొనడం సాధారణం. అయితే పిల్లలు ప్రశ్న అడగగలిగేది, కథకు ఎదురు చెప్పగలిగేది తమకు వచ్చిన భాషలోనే. ఇంట్లో ఉర్దూ గాని, మరొక భాష గాని మాట్లాడే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. రెండు భాషలలో ముద్రించిన పుస్తకాలు ఇటువంటి ఇళ్ళకు ఉపయోగపడతాయి.

బొమ్మలు

మంచి పుస్తకంలో బొమ్మ, మాటలు చెప్పని సంగతిని చెబుతుంది. వాక్యంలో "పిల్లి కనిపించలేదు" అని ఉండి, బొమ్మలో గాదె వెనుక తోక కనిపిస్తే పిల్లలు ఆ కథలో భాగస్వాములవుతారు.

నిజాంపట్నం రేవులోని పడవలు, సూర్యలంక సముద్రతీరం, వరిచేలు, తాటిచెట్లు చూసి పెరిగే పిల్లలకు పుస్తకాలలో మంచు, ఆపిల్ తోటలే కనిపిస్తే పుస్తకం వేరొకరిది అన్న భావన కలుగుతుంది. తెలియని లోకాన్ని చూపే పుస్తకాలూ కావలసినవే. అయితే వాటి పక్కన తమ ఊరి వంటి ఊరు, తమ అమ్మ వంటి అమ్మ కూడా ఉండాలి. తల్లి ఎప్పుడూ వంటింట్లోనే, మంచివారంతా తెల్లని ఛాయలోనే కనిపించే పుస్తకాలను పరిశీలించి తీసుకోవాలి.

ముద్రణ

అక్షరాలు పెద్దవిగా, ఒత్తులు, గుడులు విడివిడిగా కనబడేలా ఉండాలి. బొమ్మ మీద అచ్చువేసిన అక్షరాలు చదువరికి కష్టం. తీరప్రాంతపు తేమకు పుస్తకం మధ్య కొట్టిన పిన్నులు తుప్పు పట్టే అవకాశముంది కనుక కుట్టు గట్టిగా ఉన్న ప్రతులు మేలు.

చదివే విధానం

1988లో వైట్‌హర్స్ట్ బృందం అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, చదువుతూ ప్రశ్నలు వేసి, పిల్లల జవాబును పొడిగించి చెప్పిన తల్లిదండ్రుల పిల్లలు మాటలలో ముందంజ వేసినట్లు తేలింది. "ఇదేమిటి?" అన్నదానికంటే "ఇప్పుడేమవుతుంది?" అన్న ప్రశ్న పిల్లలను ఎక్కువ మాట్లాడిస్తుంది. పిల్లలు అదే పుస్తకాన్ని పదేపదే అడిగితే కాదనరాదు. మాటలు స్థిరపడేది అలాగే.

ఇంట్లో చదువు వచ్చిన పెద్దలు లేకపోయినా ఈ పని ఆగనక్కరలేదు. మాటలు లేని బొమ్మల పుస్తకాన్ని ముందు పెట్టుకొని, నాయనమ్మ గాని అమ్మమ్మ గాని తన మాటలలో కథ అల్లి చెప్పవచ్చును.

లభ్యత

1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులోను పిల్లల పుస్తకాలు ప్రచురించింది. సికింద్రాబాదుకు చెందిన మంచి పుస్తకం, చెన్నైకి చెందిన తూలిక, బెంగుళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ సంస్థల తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలను ఉచితంగా చదువుకొని, ముద్రించుకొనవచ్చును. 1991కి పూర్వం మాస్కో నుండి చౌకగా వచ్చిన రాదుగ ప్రచురణలు ఇప్పుడు పాత పుస్తకాలుగానే లభిస్తాయి. కొనే స్తోమత లేనివారు సమీపంలోని శాఖా గ్రంథాలయంలో బాలల విభాగాన్ని అడిగి చూడవచ్చును.

ఇవి కూడా చూడండి

* చందమామ
* చక్రపాణి
* కొడవటిగంటి కుటుంబరావు
* వడ్డాది పాపయ్య
* ఆంధ్ర గ్రంథాలయోద్యమం