పెద్ద ఎర్ర అంగీ

పాలూ పంచదారా లేని టీని టీ అనడానికి నాకు మనసొప్పదు. అయినా చైనాలోని ఫూజియన్ రాష్ట్రంలో, వూయీ కొండల్లో పుట్టిన ‘దా హోంగ్ పావ్’ కథకి మాత్రం తల వంచుతాను. ఆ పేరుకి ‘పెద్ద ఎర్ర అంగీ’ అని అర్థం. ఈ ఆకుతో రోగం నయమైనవాడెవరో కృతజ్ఞతగా చెట్టుకి తన అంగీ కప్పాడట!

కొండచరియమీద తల్లి మొక్కలు ఆరే ఉన్నాయి. 2006 నుంచి వాటి ఆకు కోయడం మానేశారు. చివరగా 2005లో కోసిన దాంట్లో 20 గ్రాములు బీజింగ్ మ్యూజియంలో భద్రపరిచారు. ఇప్పుడు తోటల్లో పెరిగేది వాటి కొమ్మలు నాటగా వచ్చిన సంతానం.

ఆకుని వాడబెట్టి, సగం ఎర్రబారనిచ్చి, బొగ్గుల సెగన కాస్తారు. చిన్న మట్టికూజాలో సగందాకా ఆకు వేసి, సలసల కాగే నీళ్లు పోసి, క్షణాల్లో వంపెయ్యాలి. అదే ఆకుకి ఐదారుసార్లు నీళ్లు పొయ్యొచ్చు. గుక్క గుక్కకీ రుచి మారుతుంది.

అంగీ కప్పినవాడి మాటెలా ఉన్నా, చెట్టుకి విశ్రాంతినిచ్చినవాళ్లే అసలు కృతజ్ఞులంటాను నేను.