దక్షిణ ఆఫ్రికా రాజకీయాలలో క్రైస్తవ నీతి

దక్షిణ ఆఫ్రికా జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. 2022 జనాభా లెక్కల ప్రకారం వీరు సుమారు 85 శాతం. 20వ శతాబ్దంలో ఈ దేశంలో వర్ణవివక్షను నిర్మించిన పాలకులు బైబిలునే ఆధారంగా చూపారు. దానిని కూలద్రోయడానికి పోరాడినవారిలో అనేకులు కూడా అదే గ్రంథాన్ని ఆధారం చేసుకున్నారు. అందువలన అధికారానికి, క్రైస్తవ నీతికి గల సంబంధాన్ని అధ్యయనం చేసేవారికి ఈ దేశ చరిత్ర ముఖ్యమైన ఉదాహరణగా నిలిచింది. ప్రభుత్వానికి విధేయత ఎంతవరకు చూపాలి, న్యాయం జరగకుండా క్షమాపణ సాధ్యమా అనే రెండు ప్రశ్నలు ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తాయి.

నేపథ్యం

1652లో డచ్చివారు కేప్ ప్రాంతంలో స్థావరం ఏర్పరచుకోవడంతో అక్కడ డచ్ రిఫార్మ్‌డ్ చర్చి స్థిరపడింది. తరువాతి కాలంలో ఆంగ్లికన్, మెథడిస్టు, కాథలిక్ మొదలైన సంఘాలు వచ్చాయి. 1857లో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి మహాసభ ఒక తీర్మానం చేసింది. నల్లజాతి విశ్వాసులు తెల్లవారితో కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని అందులో ఒప్పుకున్నది. అయితే కొందరి బలహీనత వలన అది ఇబ్బంది కలిగించే చోట వేరుగా ఆరాధించవచ్చునని కూడా అనుమతించింది. మినహాయింపుగా మొదలైన ఈ ఏర్పాటు క్రమంగా నియమంగా మారింది. 1881లో మిశ్రమ జాతివారి కొరకు ప్రత్యేకంగా డచ్ రిఫార్మ్‌డ్ మిషన్ చర్చి ఏర్పడింది. ప్రభుత్వం చట్టం చేయడానికి ఎంతో ముందే ప్రభువు బల్ల దగ్గర వేర్పాటు మొదలైనదని చరిత్రకారులు ఈ తీర్మానాన్ని ప్రస్తావిస్తారు.

వర్ణవివక్షకు మతపరమైన సమర్థన

1948 ఎన్నికలలో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ప్రధానమంత్రి డి.ఎఫ్. మలాన్ అంతకు పూర్వం డచ్ రిఫార్మ్‌డ్ చర్చిలో పాదిరిగా పనిచేసినవాడు. 'అపార్థైడ్' అనే ఆఫ్రికాన్స్ మాటకు వేరుగా ఉండడం అని అర్థం. 1949లో మిశ్రమ వివాహాల నిషేధ చట్టం, 1950లో జనాభా నమోదు చట్టం, అదే సంవత్సరం జాతులవారీ నివాస ప్రాంతాల చట్టం, 1953లో బంటూ విద్యా చట్టం వచ్చాయి.

ఈ విధానాన్ని సమర్థించిన వేదాంతులు ముఖ్యంగా మూడు వాదాలు చేశారు.

* ఆదికాండము 11వ అధ్యాయంలోని బాబెలు గోపురం కథను బట్టి జాతులు వేరుగా ఉండడం దేవుని చిత్తమని వాదించారు.
* అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయాన్ని బట్టి ప్రతి జాతికి నివాసపు పొలిమేరలను దేవుడే ఏర్పరచాడని వాదించారు. మనుషులందరూ ఒకే మూలం నుండి పుట్టారన్న మాట కూడా ఆ వాక్యంలోనే ఉన్నదని విమర్శకులు గుర్తుచేశారు.
* రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయాన్ని బట్టి పై అధికారులకు లోబడడం క్రైస్తవుని విధి అని బోధించారు.

డచ్ రిఫార్మ్‌డ్ చర్చి 1974లో ప్రకటించిన నివేదిక కూడా జాతుల వేర్పాటు అభివృద్ధిని బైబిలు దృష్ట్యా సమర్థనీయమనే పేర్కొన్నది.

చర్చిలలో ప్రతిఘటన

వర్ణవివక్షను వ్యతిరేకించిన సంఘాలు కూడా అన్ని వేళలా దృఢంగా నిలబడలేదు. బంటూ విద్యా చట్టం వచ్చినపుడు అనేక మిషన్ పాఠశాలలు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. జోహాన్నెస్‌బర్గ్ ఆంగ్లికన్ అధ్యక్ష మండలం మాత్రం తన పాఠశాలలను అప్పగించడం కంటే మూసివేయడమే మేలని నిర్ణయించింది. 1957లో తెల్లవారి ప్రాంతాలలోని చర్చిలకు నల్లవారు రాకుండా నిరోధించే నిబంధనను ప్రభుత్వం ప్రతిపాదించింది. కేప్‌టౌన్ ఆర్చిబిషప్ జెఫ్రీ క్లేటన్ ఈ చట్టాన్ని తాము పాటించలేమని ప్రధానమంత్రికి లేఖ వ్రాశాడు. సంతకం చేసిన కొద్ది సమయానికే ఆయన మరణించాడు.

1952లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఎ.ఎన్.సి.) అధ్యక్షుడైన ఆల్బర్ట్ లుతూలీ కాంగ్రిగేషనల్ సంఘానికి చెందిన లౌకిక బోధకుడు. అన్యాయమైన చట్టాన్ని అహింసాయుతంగా ధిక్కరించడం తన విశ్వాసంలో భాగమని ఆయన భావించాడు. 1960 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనకు లభించింది.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులలో 69 మంది మరణించారు. ఆ సంవత్సరం డిసెంబరులో ప్రపంచ చర్చిల మండలి కాటెస్లో అనే చోట సమావేశం జరిపింది. మిశ్రమ వివాహాల నిషేధానికి వాక్యాధారం లేదని ఆ సమావేశం ప్రకటించింది. ప్రధానమంత్రి వెర్వూర్డ్ దీనిని వ్యతిరేకించడంతో డచ్ రిఫార్మ్‌డ్ సంఘాలు ఆ తీర్మానాలను తిరస్కరించి మండలి నుండి వైదొలగాయి.

ఆ సమావేశంలో పాల్గొన్న బేయర్స్ నౌడే తన మాటను వెనుకకు తీసుకోలేదు. ఆయన శ్వేతజాతి రహస్య సంఘమైన బ్రూడర్‌బాండ్ సభ్యుడు. ఆయన తండ్రి ఆ సంఘ స్థాపకులలో ఒకడు. నౌడే 1963లో బ్రూడర్‌బాండ్‌ను, తన పాదిరి పదవిని విడిచి క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపాడు. 1977లో ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. నౌడేపై 1984 వరకు నిషేధాజ్ఞలు అమలులో ఉన్నాయి.

మతవిరోధ తీర్మానం - బెల్హార్ విశ్వాస ప్రకటన

1982లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి సమావేశం ఈ వివాదంలో మలుపు తెచ్చింది. వర్ణవివక్షకు వేదాంత సమర్థన ఇవ్వడం మతవిరోధమని తీర్మానించి డచ్ రిఫార్మ్‌డ్ చర్చి సభ్యత్వాన్ని నిలిపివేసింది. కూటమి అధ్యక్షునిగా అలన్ బూసాక్ ఎన్నికయ్యాడు. ఈ తీర్మానంతో వర్ణవివక్ష ప్రశ్న రాజకీయ అభిప్రాయ భేదంగా ఉండక క్రైస్తవ విశ్వాసానికే సంబంధించినదిగా మారింది.

అదే సంవత్సరం మిషన్ చర్చి కేప్‌టౌన్ శివారు బెల్హార్‌లో ఒక విశ్వాస ప్రకటనను రూపొందించి 1986లో ఆమోదించింది. సంఘ ఐక్యత, సమాధానం, న్యాయం దీని మూడు అంశాలు. దేవుడు ప్రత్యేకంగా పేదల, అన్యాయానికి గురైనవారి పక్షాన నిలుస్తాడని ఇందులో ప్రకటించారు.

కైరోస్ పత్రం

1985లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో సొవెటో ప్రాంతపు పాదిరులు, వేదాంతులు తమ చర్చల ఫలితంగా కైరోస్ పత్రాన్ని వెలువరించారు. 'కైరోస్' అనగా గ్రీకు భాషలో నిర్ణయాత్మక సమయం. ఈ పత్రం దేశంలోని క్రైస్తవ ఆలోచనను మూడు విధాలుగా విభజించింది.

* రాజ్య వేదాంతం: రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయాన్ని ఏ ప్రభుత్వానికైనా వర్తింపజేసి అధికారాన్ని పవిత్రం చేసేది. దౌర్జన్యపు రాజ్యాన్ని మృగంగా చిత్రించిన ప్రకటన గ్రంథము 13వ అధ్యాయాన్ని ఇది విస్మరిస్తుందని పత్రం చూపింది.
* సంఘ వేదాంతం: వర్ణవివక్షను జాగ్రత్తగా విమర్శిస్తూ, సమాధానం, అహింస అనే మాటలను సందర్భం చూడకుండా వాడేది. అన్యాయం కొనసాగుతుండగా సమాధానపడుమని చెప్పడం పాపానికి సహకరించడమేనని పత్రం వాదించింది.
* ప్రవక్తల వేదాంతం: అణగారినవారి స్థితి నుండి లేఖనాలను చదివి, అన్యాయాన్ని పేరుపెట్టి ఖండించి, పోరాటంలో పాల్గొనేది.

ఈ పత్రం విమర్శించినది పాలకులను మాత్రమే కాదు. ఆంగ్లికన్, మెథడిస్టు వంటి ఉదారవాద సంఘాల నాయకత్వానికి కూడా రెండవ విభాగం వర్తించింది. ఇది హింసను సమర్థిస్తున్నదని కొందరు ఆక్షేపించారు. అదే కాలంలో దక్షిణ ఆఫ్రికా చర్చిల మండలి ప్రభుత్వానికి ప్రధాన ప్రత్యర్థిగా ఎదిగింది. 1978 నుండి దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్న డెస్మండ్ టుటు 1984లో నోబెల్ శాంతి బహుమతి పొంది, 1986లో కేప్‌టౌన్ ఆర్చిబిషప్ అయ్యాడు. 1988లో మండలి కార్యాలయమైన కోట్సో హౌస్ బాంబు పేలుడులో ధ్వంసమైంది. సోతో భాషలో 'కోట్సో' అనగా శాంతి. ఈ పేలుడు పోలీసుల పనియేనని తరువాత రుజువైంది.

సత్యం-సయోధ్య కమిషన్

1994 ఏప్రిల్ ఎన్నికల తరువాత నెల్సన్ మండేలా అధ్యక్షుడయ్యాడు. 1995 చట్టం ప్రకారం ఏర్పడిన సత్యం-సయోధ్య కమిషన్‌కు టుటు అధ్యక్షత వహించాడు. ఉపాధ్యక్షుడు అలెక్స్ బొరేన్ కూడా మెథడిస్టు సంఘ పూర్వ నాయకుడే. విచారణలు 1996 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. సుమారు 21,000 మంది బాధితులు వాంగ్మూలాలిచ్చారు. రాజకీయ నేరాలు చేసినవారు పూర్తి సత్యం చెప్పినచో క్షమాభిక్ష పొందవచ్చును. 7,000కు పైగా దరఖాస్తులు రాగా 849 మందికి క్షమాభిక్ష లభించింది. 1997 నవంబరులో మత సంస్థల పాత్రపై ప్రత్యేక విచారణ జరిగింది. అందులో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి కూడా హాజరై తన తప్పును ఒప్పుకున్నది.

టుటు విచారణలను ప్రార్థనతో ప్రారంభించేవాడు. పాపపు ఒప్పుకోలు, పశ్చాత్తాపం, క్షమాపణ అనే క్రైస్తవ భావనలను 'ఉబుంటు' అనే ఆఫ్రికా మానవతా భావనతో ఆయన జోడించాడు. దీనిపై క్రింది విమర్శలు వచ్చాయి.

* చట్టబద్ధమైన కమిషన్ ఒక మతపు భాషను వాడడం వలన క్షమించని బాధితులు తక్కువవారుగా కనబడే ప్రమాదం ఏర్పడింది. క్షమాభిక్షకు బాధితుల అంగీకారం అవసరం లేదు. నేరస్థుడు పశ్చాత్తాపం ప్రకటించనక్కరలేదు.
* 1977లో నిర్బంధంలో మరణించిన స్టీవ్ బీకో కుటుంబం మొదలైనవారు క్షమాభిక్ష నిబంధనను రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేశారు. 1996లో న్యాయస్థానం ఆ నిబంధనను సమర్థించింది.
* హత్యలు, చిత్రహింసలపైనే దృష్టి పెట్టి, భూమి నుండి గెంటివేత వంటి నిత్య అన్యాయాలను, వాటి వలన లాభపడినవారిని కమిషన్ పట్టించుకోలేదని మహమూద్ మమ్దానీ వాదించాడు.
* 2003లో గుర్తింపు పొందిన బాధితులకు ప్రభుత్వం ప్రకటించిన పరిహారం ఒక్కొక్కరికి 30,000 ర్యాండ్లు. ఇది కమిషన్ సూచించినదానికంటే చాలా తక్కువ.

క్షమాపణకు, శిక్షకు మధ్య గల ఈ సమస్యకు మాజీ పోలీసు మంత్రి ఆడ్రియన్ ఫ్లోక్ ఉదంతం నిదర్శనం. 2006లో ఆయన చర్చిల మండలి పూర్వ కార్యదర్శి ఫ్రాంక్ చికానే వద్దకు వెళ్ళి, యేసు శిష్యులకు చేసినట్లుగా ఆయన పాదాలు కడిగాడు. 1989లో చికానేపై విషప్రయోగం జరిగింది. 2007లో ఆ కేసులో నేరం అంగీకరించిన ఫ్లోక్‌కు న్యాయస్థానం విధించిన పదేళ్ళ శిక్ష అమలు కాకుండా నిలుపుదల చేయబడింది. చికానే క్షమించాడు. ఫ్లోక్ తనకు తెలిసినదంతా చెప్పలేదని మరికొందరు బాధితుల కుటుంబాలవారు అభిప్రాయపడ్డారు.

1994 తరువాతి రాజకీయాలు

1996 రాజ్యాంగం ఏ మతాన్నీ రాజ్యమతంగా గుర్తించలేదు. మతస్వేచ్ఛతో పాటు లైంగిక అభిరుచి కారణంగా కూడా వివక్ష చూపరాదని నిర్దేశించింది. మరణశిక్ష రద్దు (1995), గర్భస్రావ హక్కు (1996), స్వలింగ వివాహాల చట్టబద్ధత (2006) విషయాలలో క్రైస్తవులు రెండుగా చీలారు. 1993లో ఏర్పడిన ఆఫ్రికన్ క్రిస్టియన్ డెమొక్రటిక్ పార్టీ రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. టుటు మాత్రం స్వలింగ సంపర్కుల హక్కులను వర్ణవివక్ష వ్యతిరేక పోరాటంతో సమానంగా భావించాడు.

పోరాటంలో తోడుగా ఉన్న ఎ.ఎన్.సి. పాలకపక్షంగా మారడం చర్చిలకు కొత్త పరీక్ష అయింది. 1998లో కమిషన్ నివేదిక తమ శిబిరాలలో జరిగిన హింసను కూడా పేర్కొనడంతో ఆ పార్టీ నివేదికను ఆపడానికి న్యాయస్థానానికి వెళ్ళి విఫలమైంది. అనేకమంది చర్చి నాయకులు ప్రభుత్వ పదవులలో చేరడం వలన చర్చిల మండలి స్వరం బలహీనపడింది. తమ పార్టీ యేసు తిరిగి వచ్చేవరకు పాలిస్తుందని జాకబ్ జుమా పలుమార్లు అన్నాడు. దీనిని అనేక చర్చిలు ఆక్షేపించాయి. 2011లో దలైలామాకు వీసా ఇవ్వనందుకు టుటు ప్రభుత్వాన్ని తీవ్రంగా ఖండించాడు. 2017లో చర్చిల మండలి అవినీతి గురించి తెలిసినవారి వాంగ్మూలాలు సేకరించి నివేదిక ప్రకటించింది. 2018లో జుమా పదవి నుండి తప్పుకున్నాడు. టుటు 2021 డిసెంబరు 26న మరణించాడు. 2024 ఎన్నికలలో ఎ.ఎన్.సి. సుమారు 40 శాతం ఓట్లతో మొదటిసారి ఆధిక్యతను కోల్పోయింది.

తెలుగువారితో సంబంధం

1860 నుండి మద్రాసు రేవు మీదుగా నటాల్ చెరకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీలలో తెలుగువారు కలరు. వారి మధ్య సేవ చేయుటకు 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను అక్కడికి పంపారు. ఆయన అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘాలను స్థాపించాడు. 1950 నాటి నివాస ప్రాంతాల చట్టం క్రింద డర్బన్ పరిసరాలలోని భారత సంతతి కుటుంబాలు వేల సంఖ్యలో ఇళ్ళు కోల్పోయాయి. వీరిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కూడా ఉన్నారు.

ప్రస్తుత స్థితి

కమిషన్ క్షమాభిక్ష నిరాకరించినవారిపైన, దరఖాస్తు చేయనివారిపైన విచారణ జరగాలన్నది 1995 చట్టం ఉద్దేశం. సుమారు 300 కేసులు ప్రాసిక్యూషన్ విభాగానికి అప్పగించినా చాలా కొద్దివి మాత్రమే న్యాయస్థానానికి చేరాయి. వీటిని ఉద్దేశపూర్వకంగా ఆపివేశారన్న బాధిత కుటుంబాల ఆరోపణపై 2025లో అధ్యక్షుడు సిరిల్ రామఫోసా విచారణ సంఘాన్ని నియమించాడు. అదే సంవత్సరం బీకో మరణంపై విచారణ తిరిగి మొదలైంది.